నేను కొట్టేసిన మాట

ఇంగ్లీషులో 'షేమ్‌ఫేస్డ్' అని ఒక మాట ఉంది. తప్పు చేసి దొరికిపోయి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డవాడి గురించి వాడతారు. ఆ మాట ఎలా పుట్టిందో చాలా ఏళ్ళు క్లాసులో పిల్లలకి ఎంతో ఇష్టంగా చెప్పాను. చెప్పిందంతా తప్పు. తెలిసి చెప్పలేదు నిజమే కానీ, అంతమాత్రాన నా దోషం తగ్గదు. చూసుకోవడానికి పెద్ద నిఘంటువు కాలేజీ లైబ్రరీలోనే ఉంది. నేనెప్పుడూ దాన్ని తీసి చూడలేదు.

నేను చెప్పేది ఇదీ. షేమ్ అంటే సిగ్గు, ఫేస్ అంటే మొహం, సిగ్గు మొహాన కనబడేవాడు షేమ్‌ఫేస్డ్. ఇందులో విడమరచడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు మాత్రం అక్కడితో ఆగబుద్ధి కాలేదు. మన తెలుగులో సిగ్గంతా మొహం మీదే కదా ఉండేది. మొహం చెల్లక ఊరు వదిలి వెళ్ళినవాళ్ళుంటారు. ఏం మొహం పెట్టుకుని వచ్చావని గుమ్మంలోనే నిలదీసేవాళ్ళుంటారు. తల కొట్టేసినట్టయిందంటాం, నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నామంటాం. ఇవన్నీ బోర్డు మీద ఒక పక్క రాసి, రెండో పక్క ఆ ఇంగ్లీషు మాట రాసి, 'చూశారా, సముద్రాల అవతల ఉన్నవాళ్ళూ మనమూ సిగ్గుని ఒకే చోట పట్టుకున్నాం' అనేవాణ్ని. పిల్లలు రాసుకోవడం మానేసి వినేవాళ్ళు. ఇంగ్లీషు పాఠంలో అలా వినడం అరుదు. ఆ చూపులకి అలవాటుపడ్డాను. తర్వాత దాన్నే ఒక వ్యాసంగా రాస్తే ఒక పత్రిక వేసింది. చదివినవాళ్ళు ఉత్తరాలు రాశారు. ఇక ఆ సంగతి నిజమో కాదో చూడాలన్న ఆలోచన నాకు రాకపోవడానికి అదొక్కటి చాలు.

ఆ రోజుల్లోనే డిగ్రీ పిల్లలకి ఒక వ్యాసం రాయమని ఇచ్చాను. తమకి తెలిసిన ఒక మనిషి గురించి రాయాలి. ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ గురించి రాసింది. ఆవిడ గుంటూరు వైపు మిషన్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైందట. వ్యాసం బాగుంది. అమ్మమ్మ జీతం రోజున కవరు విప్పకుండా తీసుకెళ్ళి వాళ్ళ నాన్న చేతిలో పెట్టేదనీ, ఆస్పత్రి పాలపొడి డబ్బాల్లోంచి ఒక్క చెంచా కూడా ఇంటికి తెచ్చి ఎరగదనీ రాసింది. ఆ తర్వాతి వాక్యంలో ఆవిణ్ని 'షేమ్‌ఫాస్ట్' మనిషి అంది.

ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అర మార్కు కోశాను. అక్కడితో ఆగినా పోయేది. పేపర్లు పంచేటప్పుడు తప్పులు పైకి చదవడం నాకు అలవాటు. ఆ అమ్మాయి బెంచీ దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేలా, 'సిగ్గు కూడా ఫాస్టుగా వస్తుందా అమ్మా? ప్యాసింజరా, ఎక్స్‌ప్రెస్సా?' అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి లేచి నిలబడింది. 'మా అమ్మమ్మ బైబిల్లో అలాగే ఉందండీ' అంది. గొంతు పెద్దగా రాలేదు. 'పాత పుస్తకం కదా, అచ్చుతప్పు పడి ఉంటుంది, కూర్చో' అన్నాను. కూర్చుంది. పెన్ను క్యాప్ పెట్టేసి, ఎర్ర సున్నా లోపలికి పోయేలా పేపరు మడిచింది. నేను బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆ తప్పునే సందుగా చేసుకుని, మొహమూ సిగ్గూ అన్న నా పాఠం మరోసారి చెప్పాను. ఆ ఏడాదంతా ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పలేదు. నేను గమనించాను కూడా. చదువు మీద శ్రద్ధ తగ్గిందనుకున్నాను.

ఆమె చదువు ముగించి వెళ్ళిపోయాక, నా వ్యాసాలు పుస్తకంగా వేద్దామని ఒకాయన అడిగితే పాతవి దిద్దుతూ కూర్చున్నాను. షేమ్‌ఫేస్డ్ అన్న మాట మొదట ఏ కాలంలో కనబడుతుందో ఒక అంకె వేస్తే నిండుగా ఉంటుందనిపించింది. అప్పుడు లైబ్రరీకి వెళ్ళి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తీయించాను. షేమ్‌ఫేస్డ్ దగ్గర ఉన్న సమాచారం నాలుగు ముక్కల్లో చెప్పాలంటే ఇంతే: ఇది షేమ్‌ఫాస్ట్ అన్న పాత మాటని జనం సరిగా అర్థం చేసుకోలేక మార్చుకున్న రూపం. పదహారో శతాబ్దం నడిమి దాకా ఫేస్ అన్న ముక్క ఆ మాటలో లేనే లేదు. ఆ పేజీ మీద చెయ్యి పెట్టి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. నాకు మొదట గుర్తొచ్చింది నా వ్యాసం కాదు, ఆ మడిచిన పేపరు.

ఫాస్ట్ అంటే వేగం అని మనకిప్పుడు మొదటి అర్థం. ఆ మాటకి అసలు అర్థం అది కాదు. కదలకుండా గట్టిగా, బిగించి పట్టినట్టు అని. బట్టల కొట్టులో 'ఫాస్ట్ కలరండీ, ఎన్ని ఉతుకులైనా పోదు' అంటారే, ఆ ఫాస్ట్. గాఢనిద్రని ఫాస్ట్ అస్లీప్ అనడంలోనూ అదే. ఉపవాసాన్ని ఫాస్టింగ్ అనడం కూడా ఈ వేరు నుంచే వచ్చింది, నియమాన్ని గట్టిగా పట్టడమని. పాత ఇంగ్లీషులో ఈ ముక్కని నామవాచకాల చివర చేర్చి మాటలు చేసుకునేవాళ్ళు. సత్యాన్ని పట్టుకుని ఉన్నవాడు సూత్‌ఫాస్ట్, ఉన్నచోట చలించకుండా నిలబడేవాడు స్టెడ్‌ఫాస్ట్. స్టెడ్‌ఫాస్ట్ ఈనాటికీ బతికే ఉంది, నేనే ఎన్నోసార్లు పాఠంలో చెప్పాను. దాని పక్కన షేమ్‌ఫాస్ట్‌ని పెట్టి చూడాలని తోచకపోవడం నా చదువులో లోపం కాదు, నా గర్వంలో ఉన్న లోపం. షేమ్‌ఫాస్ట్ అంటే సిగ్గు గట్టిగా పట్టి ఉంచినవాడు. అడుగు ముందుకి పడకుండా లోపలినుంచి సిగ్గు ఆపుతున్నవాడు. పాలపొడి డబ్బా ముందు ఆ నర్సమ్మని ఆపినదేదో అదే. ఆ అమ్మాయి మాట ఏరి కోరి వాడింది.

ఈ మాట ఎంత పాతదో వెతుకుతూ పోతే ఆల్ఫ్రెడ్ రాజు దగ్గరికి చేరాను. 871 నుంచి 899 దాకా ఇంగ్లండులో వెసెక్స్‌ని ఏలినవాడు. ఉత్తరాది ఓడదొంగల దాడుల్లో మఠాలు, పుస్తకాలు నాశనమై, దేశంలో లాటిన్ చదవగలిగినవాళ్ళే కరువయ్యారని బాధపడి, అందరికీ అవసరమైన గ్రంథాలని జనం భాషలోకి తేవడానికి తానే పూనుకున్నాడు. వాటిలో ఒకటి ఆరో శతాబ్దం చివర పోప్ గ్రెగొరీ మతగురువుల కోసం రాసిన పుస్తకం. ఎవరెవరికి ఎలా బోధించాలో, ఎవరిని ఎలా మందలించాలో చెబుతుంది. ఒక్కో బిషప్‌కీ ఒక్కో ప్రతి పంపించాడు. వూస్టర్ బిషప్‌కి పంపిన ప్రతి ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది.

ఆ పుస్తకంలో ఒక అధ్యాయమంతా సిగ్గులేనివాళ్ళనీ సిగ్గరులనీ ఎలా దిద్దాలన్నదాని గురించే. పాత ఇంగ్లీషులో ఆ సిగ్గరులకి వాడిన మాట ఈ షేమ్‌ఫాస్టే, ఆనాటి రూపంలో. అక్కడ చెప్పిన సంగతి నా తెలుగులో చెప్పుకుంటాను. సిగ్గు లేనివాణ్ని గట్టిగా, నలుగురి ముందు కోప్పడితే తప్ప తన తప్పు తనకి తెలియదు. సిగ్గరి తప్పు చేస్తే మెల్లగా గుర్తు చేస్తే చాలు, చాలాసార్లు ఆ మాత్రానికే సర్దుకుంటాడు. దీనికి పౌలు ఉత్తరాలనే ఉదాహరణగా చూపిస్తాడు గ్రెగొరీ. గలతీయులని పౌలు తెలివిలేనివాళ్ళని ముఖం మీదే అన్నాడు. ఫిలిప్పీయులు తనని కొంతకాలం పట్టించుకోకపోతే, మీకు మనసు లేక కాదు, వీలు చిక్కలేదు అని వాళ్ళ తరఫున తనే సాకు చెప్పాడు.

అది చదివిననాడు నాకు అన్నం సహించలేదు. వెయ్యేళ్ళ కిందట ఈ మాట కనబడేచోటే, బోధించేవాడు బిడియస్తుల జోలికి ఎలా వెళ్ళాలో రాసి ఉంది. నేను ఒక బిడియస్తురాలిని, సరిగ్గా ఆ మాట వాడినందుకే, నలుగురి ముందు నిలబెట్టాను. తప్పే లేని పిల్ల విషయంలో, తప్పు చేసినవాడి విషయంలోనే చేయకూడదన్న పని చేశాను.

తర్వాతి శతాబ్దాల్లో ఈ మాట చాలా గౌరవంగా బతికింది. చాసర్ తన కథల్లో ఒక కన్నెపిల్ల గుణాలు చెబుతూ వాడాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది స్పెన్సర్ వాడిన తీరు. 1590లో అచ్చయిన 'ఫెయిరీ క్వీన్' రెండో కాండంలో గయన్ అనే వీరుడు ఆల్మా అనే దొరసాని కోటలోకి వస్తాడు. మితం, నిగ్రహం అన్న గుణానికి ప్రతినిధి అతను. అక్కడ నీలి బట్టల్లో ఒకామె, చేతి మీద మనుషుల కంటపడడానికి ఇష్టపడని పక్షితో కనబడుతుంది. పలకరిస్తే చెంపలు ఎర్రబడతాయి తప్ప మాట రాదు. ఈమెకి ఏదో కష్టం కలిగించానేమోనని గయన్ కంగారుపడతాడు. అప్పుడు ఆల్మా అసలు సంగతి చెబుతుంది. అతనిలో ఉన్న అణకువకి ఊట ఈమేనట, అతను సిగ్గరి మాత్రమే, ఆమె సాక్షాత్తూ ఆ సిగ్గేనట. అది విని ఆ వీరుడు తనూ సిగ్గుపడి మొహం తిప్పుకుంటాడు. కత్తి పట్టినవాడికి ఆ గుణం వన్నె తెచ్చిందే తప్ప తలవంపులు తేలేదు.

అప్పటికే మాట కింద నేల కదులుతోంది. ఫాస్ట్‌కి గట్టితనం అన్న అర్థం జనం మనసులో వెనక్కి పోతోంది. సిగ్గు, ఎర్రబడ్డ చెంపలు, దించుకున్న చూపు, ఇవన్నీ మొహం మీద కనబడేవే. ఫాస్ట్‌కీ ఫేస్డ్‌కీ పలుకులో ఉన్న తేడా కొంచెమే. చెవికి పట్టుబడని ముక్క తీసి, అర్థమయ్యే ముక్క పెట్టుకున్నారు. షేక్‌స్పియర్ 'మూడో రిచర్డ్' నాటకంలో ఒక హంతకుడు అంతరాత్మ గురించి మాట్లాడే చోట, 1597 నాటి చిన్న పుస్తకంలో షేమ్‌ఫాస్ట్ అని ఉంటే, 1623 నాటి పెద్ద సంపుటిలో అదే చోట షేమ్‌ఫేస్డ్ అని ఉంది. ఒకే నాటకం, ఒకే మాట, ఒక తరం గడిచేసరికి మొహం మారింది. హత్య చేయబోతున్నవాడి చెయ్యి పట్టుకుని ఆపేది ఏదన్న మాట అక్కడ నడుస్తోంది. మొహం కన్నా పట్టు అక్కడ ఎంత బాగా అతుకుతుందో ఇప్పుడు చదివితే తెలుస్తుంది.

ఇక బైబిలు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో, రెండో అధ్యాయం తొమ్మిదో వచనంలో, స్త్రీల అలంకారం గురించి చెప్పే చోట గ్రీకులో 'ఐడోస్' అనే మాట ఉంది. తెలుగు బైబిల్లో అక్కడ అణుకువ అని ఉంటుంది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో షేమ్‌ఫాస్ట్‌నెస్ అనే వేశారు. ఆ తర్వాతి ముద్రణల్లో అచ్చుకూటాలవాళ్ళు దాన్ని షేమ్‌ఫేస్డ్‌నెస్ చేశారు. పందొమ్మిదో శతాబ్దంలో రిచర్డ్ చెనెవిక్స్ ట్రెంచ్ అనే పండితుడు ఈ మార్పుని గట్టిగా తప్పుపట్టాడు. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీలో ఇంగ్లీషు నిఘంటువుల లోపాల గురించి ఆయన చేసిన ప్రసంగాల నుంచే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పని మొదలైంది. శీలాన్ని లోపలినుంచి కాపాడే గుణాన్ని తీసుకెళ్ళి చెంపల ఎరుపు చేశారన్నది ఆయన బాధ. కొత్త నిబంధన అనువాదాన్ని సవరించిన సంఘంలో ఆయనా సభ్యుడే. 1881లో ఆ సవరణ ప్రతి వచ్చినప్పుడు షేమ్‌ఫాస్ట్‌నెస్ తిరిగి తన చోటికి వచ్చింది. 1901 నాటి అమెరికన్ ప్రతిలోనూ అలాగే ఉంది. గుంటూరులో మిషన్ నడిపింది అమెరికా లూథరన్లు. ఆ నర్సమ్మ పుస్తకం నేను కళ్ళారా చూడలేదు కానీ, ఈ రెంటిలో ఒకటి అయ్యుండాలి.

అచ్చుతప్పు అన్నాను నేను. అచ్చుకూటంలో జరిగిన తప్పు ఏదైనా ఉందంటే అది ఆ అమ్మాయి చదివిన రూపంలో లేదు, నేను పాఠం చెప్పిన రూపంలో ఉంది.

ఈ మాటని నెత్తిన పెట్టుకుని పూజించమనడం లేదు. అది నిలిచిన ఆ వచనమే ఆడవాళ్ళు జడలెలా వేసుకోవాలి, నగలేం పెట్టుకోవాలి అన్నదాని గురించి. సిగ్గు పేరు చెప్పి ఆడపిల్లల నోరు నొక్కడం మన ఇళ్ళలోనూ తెలియని సంగతి కాదు. అయినా ఆల్ఫ్రెడ్ పుస్తకంలో, స్పెన్సర్ కావ్యంలో ఆ గుణం మగవాళ్ళకీ ఉండాల్సిందే. నాకు ఉండాల్సిందే.

చిన్నప్పుడు మా తాతగారు అమరకోశం వల్లె వేయించేవారు. లజ్జ, హ్రీ, త్రప, వ్రీడ, మందాక్షం అన్నీ సిగ్గుకి పర్యాయాలని గడగడా అప్పజెప్పేవాణ్ని. ఆ వరసలోనే, ఇతరుల వల్ల కలిగే సిగ్గుకి అపత్రప అని విడిగా పేరుంది. చూసేవాళ్ళు ఉన్నారు కాబట్టి పడే సిగ్గు వేరు, ఎవరూ చూడకపోయినా పడే సిగ్గు వేరు అని అమరసింహుడు అంత పొందికగా చెప్పి పెట్టాడు. నోటికి వచ్చిన పాఠం నా బుర్రలోకి ఎక్కలేదు. తెలుగులో సిగ్గంతా మొహం మీదే ఉందని బోర్డు మీద రాసిన మనిషికి, అమ్మమ్మలు 'చెయ్యడానికి మనసొప్పలేదురా' అనే మాట కూడా తెలుగేనని గుర్తు రాలేదు.

నా వ్యాసానికి సరిపడే నుడికారాలు ఏరుకున్నాను, సరిపడనివి వదిలేశాను. ఇది పొరపాటు అనను, ఆత్మవంచన అంటాను. ఎందుకంటే పొరపాటు తెలియక జరుగుతుంది. ఇప్పుడు మొహమాటం అన్న మాట విన్నా, దాన్ని మొహం, మాట అని విడగొట్టి పిల్లలకి ఏదో చెప్పాలని నాలుక దాకా వస్తుంది. నిఘంటువు చూడకుండా చెప్పను.

ఇంతకన్నా చెప్పుకోవడానికి కష్టమైన భాగం ఒకటి ఉంది. నిజం తెలిశాక ఏం చేశాను? పుస్తకం వేస్తానన్నాయనకి ఆ వ్యాసం ప్రతి దొరకలేదని చెప్పాను. ప్రతి నా బీరువాలోనే ఉంది. క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు షేమ్‌ఫేస్డ్‌కి అర్థం చెప్పి ముందుకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. పాత బ్యాచ్ పిల్లలు అదే కట్టుకథ తమ స్కూళ్ళలో చెప్పుకుంటూ ఉంటారని నాకు తెలుసు. వాళ్ళలో కొందరు టీచర్లయ్యారు. ఒకసారి ఒక పెళ్ళిలో అలాంటివాడే ఒకడు కాళ్ళకి దణ్ణం పెట్టి, 'మీరు చెప్పిన సిగ్గు పాఠం మా పిల్లలకి ఇప్పటికీ చెబుతానండీ' అన్నాడు. అక్కడే, ఆ క్షణంలోనే, అది తప్పురా అబ్బాయ్ అనాల్సింది. వాడి భార్య పక్కనే ఉంది, వియ్యాలవారు వింటున్నారు. నవ్వి, వాడి భుజం తట్టి, భోజనాలకి వెళ్ళాను.

తప్పు పాఠం చెప్పడం కన్నా ఈ నవ్వు నన్ను ఎక్కువ బాధపెడుతోంది. ఒక అమ్మాయి తనకి తెలిసినదాన్ని తెలిసినట్టుగా, గొంతు వణుకుతున్నా, లేచి చెప్పింది. బైబిల్లో ఉందండీ అని ఆధారం చూపించింది. నేను ఆధారం చూడకుండా తోసిపుచ్చాను, చూశాక దాచిపెట్టాను. ఆ పెళ్ళిలో నన్ను ఆపాల్సిన సిగ్గు ఆపలేదు. మాట్లాడనివ్వకుండా ఆపింది మరో రకం సిగ్గు, వియ్యాలవారి ముందు మొహం ఎలా కనబడుతుందోనన్నది.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోవడం నాకు చేతకాని పని కాదు. ఆమె తోటి విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురితో మాటలున్నాయి. ఫోన్ చేసి విడిగా చెబితే సరిపోతుందా అని చాలాసార్లు ఆలోచించాను. సరిపోదు. అన్నది క్లాసందరి ముందు. ఆ గదిలో నవ్వినవాళ్ళందరికీ ఈనాటికీ ఆ అమ్మాయే తప్పు, నేనే ఒప్పు. వాళ్ళకీ తెలియాలంటే నలుగురూ చదివే చోటే రాయాలి. అందుకే ఇది రాస్తున్నాను. విడిగా ఆమెకి ఉత్తరం కూడా రాస్తాను, జవాబు ఇవ్వాల్సిన అవసరం లేదని కూడా అందులోనే రాస్తాను.

ఆనాటి క్లాసులో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే: షేమ్‌ఫాస్ట్ సరైన మాట. ఆమె సరైన చోట, సరైన మనిషి గురించి వాడింది. నేను కోసిన అర మార్కు ఆమెదే. మీలో పాఠాలు చెబుతున్నవాళ్ళు ఎవరైనా నా మొహం కథ చెబుతుంటే మానేయండి. మళ్ళీ చెప్పాల్సి వస్తే ఆల్ఫ్రెడ్ పుస్తకంలోని ఆ అధ్యాయంతో మొదలుపెట్టండి.